ఆఫీసు పెరట్లోకి వచ్చిన ఊరి చెత్త

(1961లో, రాయగడకూ బిస్సమ్ కటక్‌కూ నడుమనున్న ఒక చిన్న పట్టణంలో, నోటిఫైడ్ ఏరియా కౌన్సిలు ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు గణపతిరావుగారి పదవీ విరమణ సభలో, కౌన్సిలు సభ్యురాలూ బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయినీ అయిన సూర్యకాంతమ్మగారు చేసిన ప్రసంగం)

అధ్యక్ష స్థానంలో ఉన్న సబ్ కలెక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, మా కౌన్సిలు సభ్యులకు, రేపటి నుంచి మా మంచిచెడ్డలు చూడబోయే కొత్త ఆఫీసరుగారికి, ఎంత పిలిచినా లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయిన మా సఫాయి వీధి అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. మీరు లోపలికి రండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తవిటమ్మా, ముందు నువ్వు రా, నీ వెనక అందరూ వస్తారు. గోడ పక్కన కాదు, కుర్చీలో కూర్చో. వాళ్లు కూర్చున్నాకే మొదలుపెడతాను, అధ్యక్షులవారు మన్నించాలి.

(కాసేపు ఆగి)

ఇప్పుడు బాగుంది. నన్ను క్లుప్తంగా మాట్లాడమన్నారు. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడయితే బంట్రోతు గంట కొట్టి నన్ను ఆపుతాడు. ఇక్కడ ఆ గంట లేదు గనుక నా మీద ఆశ పెట్టుకోవద్దు. (నవ్వులు)

ఇంతవరకు మాట్లాడిన పెద్దలు గణపతిరావుగారు వేయించిన వీధి దీపాల గురించి, సంతలో కట్టించిన రేకుల షెడ్ల గురించి, రైల్వే స్టేషను రోడ్డు గురించి చక్కగా చెప్పారు. ఆయన తల దించుకుని విన్నారు. అయితే గెడ్డ పక్కన, అంటే మా ఊరి వాగు పక్కన, కట్టిన కంపోస్టు డిపో మాట ఒక్కరూ ఎత్తలేదు. మరిచిపోయి కాదు, మర్యాదకి మానేశారు. సన్మాన సభలో పాడైన పని గురించి మాట్లాడకూడదని మనందరికీ ఒక అభిప్రాయం. నేను మాత్రం దాని గురించే మాట్లాడతాను. ఎందుకంటే నేను ఈ మనిషికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది మొదటిసారి ఆ పాడైన పని దగ్గరే.

కొత్త ఆఫీసరుగారికి మా ఊరి సంగతి తెలియాలి గనుక మొదటినుంచీ చెబుతాను. మా ఊరి వీధులు ఊడ్చి, కాలవలు తీసే కుటుంబాలు ఒకప్పుడు శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి పని కోసం వచ్చినవాళ్లవి. వాళ్లకి ఊరి చివర ఇచ్చిందే ఈ సఫాయి వీధి. ఆ వీధి వెనకాలే ఊరి చెత్త పోసే చోటు కూడా ఇచ్చారు. బండ్లు తోలేవాళ్లకి దగ్గరగా ఉంటుందని ఎవరో అనుకుని ఉంటారు. ఏళ్ల తరబడి పోసిన చెత్త ఇళ్ల కప్పుల ఎత్తున లేచింది. వాన పడితే ఆ కుప్పలోంచి నల్లటి నీళ్లు గోడల కిందుగా ఊరుతూ వాళ్ల వంటిళ్లలోకి వచ్చేవి. వేసవి చివర వాంతులూ విరేచనాలూ మొదలయితే ముందుగా ఆ వీధిలోనే మొదలయ్యేవి.

తవిటమ్మ కూతురు గున్నమ్మ నా బడిలో నాలుగో తరగతి చదివేది. లెక్కల్లో చురుకు. నేను బోర్డు మీద కూడిక తప్పు వేస్తే లేచి నిలబడి నవ్వేది. ఒక ఏడు వేసవి సెలవులయ్యాక బడి తెరిచేసరికి ఆ పిల్ల లేదు. తవిటమ్మా, నిన్ను అడిగే ఈ మాట చెబుతున్నాను.

గణపతిరావుగారు ఈ ఊరికి బదిలీ అయి వచ్చింది ఆ రోజుల్లోనే. వచ్చిన వారంలో ఆ వీధికి వెళ్లారు, కుప్ప చూశారు, తవిటమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నారు. "ఈ కుప్ప ఇక్కణ్ణుంచి తీయిస్తాను" అని మాట ఇచ్చారు. ఆఫీసర్లు మాట ఇవ్వడం మాకు కొత్త కాదు. ఆ మాట ఇచ్చిన మనిషి తిరిగి అదే వీధికి రావడమే మాకు కొత్త.

ఆయన ఊరికే కూర్చోలేదు. అప్పట్లో ప్రభుత్వం కంపోస్టు పథకం అని ఒకటి చెబుతూ ఉండేది. ఊరి చెత్తను గోతుల్లో పొరలు పొరలుగా వేసి, మట్టి కప్పి, రైతులకు పనికొచ్చే ఎరువు చెయ్యాలి. ఊరికి దూరంగా గెడ్డ పక్కన పల్లపు భూమి దొరికింది. ఒక ఇంజనీరుగారు మంచి ఎండల్లో వచ్చి, గునపంతో తవ్వించి చూసి, నేల గట్టిగా పొడిగా ఉందని రాసి వెళ్లారు. శంకుస్థాపన జరిగింది. రాయి మీద పేర్లు చెక్కారు. నా పేరు కూడా ఉంది, చిన్న అక్షరాలతో. ఇటుకలతో గోతులు కట్టారు. ఆ ఇటుకలు మోసింది సఫాయి వీధి ఆడవాళ్లు. వాళ్లంత హుషారుగా పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

చెత్త వెయ్యడం మొదలయింది, మంత్రిగారి చేత ప్రారంభోత్సవానికి ఏర్పాట్లు చేస్తూండగానే వానాకాలం వచ్చింది. రెండు పెద్ద వానలు పడ్డాయి. గోతుల్లోకి నీళ్లు పైనుంచి కాదు, కిందినుంచి వచ్చాయి. నేలలోంచి ఊట పైకి తన్నింది. వేసిన చెత్తంతా తేలి, గోతులు పొర్లి గెడ్డలో కలిసింది. గెడ్డకి దిగువన కొంధు గిరిజనుల పల్లె ఒకటి ఉంది. వాళ్లు ఇసకలో చెలమ తీసుకుని ఆ నీళ్లే తాగుతారు.

ఆ ఉదయం డిపో దగ్గర గణపతిరావుగారిని చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. ఆయన గొడుగు గట్టు మీద పెట్టేసి, చెప్పులు విప్పేసి, మోకాలి లోతు నీళ్లలో గెడ్డ దాటి ఆ పల్లెకు వెళ్లారు. నీళ్లు తాగొద్దని చెప్పారు. ఆ ఊరి పెద్ద ఈ నీళ్లు ఎవరు పాడుచేశారని అడిగాడు. వానల మీదకి నెట్టెయ్యవచ్చు. ఇంజనీరు పేరు చెప్పవచ్చు. ఆ కొండల వాళ్లు మాట్లాడే దేశియా భాషలో, వచ్చీరాని మాటల్లో గణపతిరావుగారు చెప్పింది ఒక్కటే. "మేమే పాడుచేశాం." ఆ రోజు నుంచి ఆ పల్లెకి ఎగువన బావి తవ్వి నీళ్లు పడేదాకా, మన ఊరి బావి నీళ్లు పీపాల్లో ఎడ్లబండి మీద వెళ్లాయి.

ఇక కౌన్సిలు సమావేశం. అప్పటి ఛైర్మను కన్నయ్యగారు ఇక్కడే మూడో వరుసలో ఉన్నారు. ఆయన ముందే నా చెవిలో "అమ్మా, నా మాట ఎత్తకండి" అన్నారు గనుక, ఎత్తకుండా ఉండలేను. (నవ్వులు) కన్నయ్యగారికి గుణుపురం దగ్గర వ్యవసాయం, ఇక్కడ వ్యాపారం, ఊరందరితోనూ మంచితనం. ఆయన ఆ రోజు అన్న మాట ఆయన గొంతుతోనే చెబుతాను. "ఆఫీసరుగారూ, వానలన్నాక నీళ్లు రావేటి? సుట్టూ ఓ గట్టు ఎయ్యండి. మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించి ఎలిపోతారు. ఆ తరవాత అది నడిసినా నడవకపోయినా ఎవులు సూడొచ్చేరు?"

ఇంకొకరు తప్పంతా ఇంజనీరు మీద రాసి పంపమన్నారు. ఆయనకి అప్పటికే బదిలీ అయిపోయింది, అడ్డం చెప్పేవాడు లేడు. మరొకరు, పోనీ డిపో మూసేసి, మామూలుగా సఫాయి వీధి వెనకే పోసుకుందాం, అలవాటైన చోటే గదా అన్నారు. అలవాటు ఎవరికో ఆయన చెప్పలేదు.

గణపతిరావుగారు అందరి మాటా విని లేచారు. ఆయన పెద్ద వక్త కారు. ఇవాళ ఆయన సమాధానం చెప్పేటప్పుడు మీరే చూస్తారు. (నవ్వులు) ఆ రోజు మాత్రం తడబడలేదు. "ఇంజనీరు సిఫారసు చేశాడు. నేను సంతకం పెట్టాను. మీరు చేతులెత్తారు. ఈ తప్పును ముక్కలు చేసి పంచుకుంటూ పోతే చివరికి ఎవరి చేతిలోనూ ఏమీ మిగలదు. అందుకని మొత్తం నా పేరు మీద రాసుకోండి. నేను అడ్డు చెప్పను. కానీ దిద్దే పని మనందరిదీ. డిపో మూస్తున్నాను. మంత్రిగారికి రావద్దని నేనే రాస్తాను. ఎత్తయిన భూమి ఎవరి దగ్గరుందో చెప్పండి, కొత్త చోటు చూద్దాం."

ఎత్తయిన భూమి ఎవరి దగ్గరా లేదు. చుట్టూ కొండలున్న ఈ ఊళ్లో, ఆ గదిలో కూర్చున్న ఒక్కరికీ మెరక నేల లేదు. (నవ్వులు) నాకూ లేదు గాని, నాది నిజం.

మర్నాడు ఆయన సఫాయి వీధికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. నాకు ఆయన మీద కోపంగా ఉంది. ఇటుకలు మోసిన ఆడవాళ్ల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాడో చూద్దామని కూడా వెళ్లాను. ఆయన కుప్ప పక్కనే నిలబడి, డిపో పనికిరాకుండా పోయిందని, చోటు ఎంచుకోవడంలో పొరపాటు జరిగిందని, దాన్ని మూసేశామని చెప్పారు. తవిటమ్మ ముందుకొచ్చింది.

"డిపో నీళ్లపాలయిందని సెప్పడానికొచ్చేరు, బాగుంది బాబూ. ఇంతకుముందు ఒచ్చినోళ్లు అది కూడా సెప్పలేదు. మరి మా యెనకాల కుప్ప మాటేటి? మీరు తవ్వినకాడ నీళ్లొచ్చేయని ఈ కుప్ప ఇక్కడే ఉండిపోద్దా? మా పిల్లల్ని మేం ఎక్కడికి అట్టుకెల్లాల?"

గణపతిరావుగారు అన్నారు. "సోమవారం నుంచి ఇక్కడ బండి దిగదమ్మా."

"మరెక్కడ దించుతారు?"

"అది నేను చూసుకోవాల్సిన పని. మీది కాదు."

అయ్యా, సభ్యులారా, నేను ఈ సభలో చెప్పదలచుకున్నదంతా ఆ రెండు మాటల్లో ఉంది. వేసుకున్న పథకం కుదరకపోవడం ఎక్కడయినా జరుగుతుంది. నేల తడి, వాన, మనిషి లెక్క, ఏదయినా తప్పవచ్చు. పథకం పోయినంత మాత్రాన అది ఎవరి బాధ తీర్చడానికి పుట్టిందో ఆ బాధ పోదు. కాగితం మీద "సాధ్యం కాలేదు" అని రాసుకుని మనం ఇంటికి వెళ్లి అన్నం తినవచ్చు. తవిటమ్మ ఇంట్లో మాత్రం గోడలోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి.

(చప్పట్లు)

సోమవారం వచ్చింది. చెత్త బండ్లు తిన్నగా కౌన్సిలు ఆఫీసు గేటు దగ్గరకి వచ్చి ఆగాయి. కాపలావాడు అడ్డంగా నిలబడ్డాడు. గణపతిరావుగారు లోపలినుంచి వచ్చి తన చేత్తో గేటు తీశారు. కొత్త చోటు దొరికేదాకా ఊరి చెత్త ఊరి ఆఫీసు పెరట్లోనే ఉంటుందని ఆజ్ఞ ఇచ్చారు. మెరకగా ఉన్న నేలలో లోతు తక్కువ గోతులు తవ్వించి, ఏ రోజు చెత్త మీద ఆ రోజే మట్టి కప్పించారు.

ఊరు గోలెత్తింది. నేనూ గోలెత్తాను. ఎందుకంటే మొదటి గోతులు తవ్వింది ఆ పెరటిని ఆనుకునే ఉన్న నా బడి గోడ పక్కన. నేను ఆయన గదిలోకి తలుపు తోసుకుని వెళ్లాను.

"ఆ వీధి పిల్లల్ని తప్పించి ఈ బడి పిల్లల మీద పోస్తారా?" అన్నాను.

"ఇంకెక్కడా చోటు లేదు టీచరుగారూ" అన్నారు.

"ఉంది. ఈ ఆవరణలోనే మీ బంగళాకీ కౌన్సిలు సమావేశాల గదికీ మధ్య బోలెడంత చోటుంది. మీ పడకగది కిటికీ, మా సభ్యుల కిటికీలు అటే తెరుచుకుంటాయి."

ఆయన లేచి కిటికీలోంచి కాసేపు చూశారు. తర్వాత బంట్రోతుని పిలిచి గోతులు ఇటు మార్చమన్నారు. కన్నయ్యగారు నన్ను ఇప్పటికీ క్షమించలేదు. (నవ్వులు)

ఇక్కడ నేను అమ్మన్నమ్మగారికి నమస్కారం చెయ్యాలి. గణపతిరావుగారికి దండలు పడుతున్నప్పుడు ఆవిడ అదిగో, ఆడవాళ్ల వరసలో ఓ మూల కూర్చున్నారు. ఆ బంగళాలో కాపురం చేసింది ఆవిడ. ఈగల్ని తోలుకుంటూ వండింది ఆవిడ. ఊరి ఆడవాళ్లు పలకరించే వంకతో వెళ్లి, ఆ వాసన ఎలా భరిస్తున్నారండీ అని జాలిపడితే, ఆవిడ నవ్వి అన్నారట. "మా ఆయన ఇన్నాళ్లూ ఏటి ఉజ్జోగం సేస్తున్నారో నాకు తెలీదమ్మా. ఇప్పటికి ఇంటికట్టుకొచ్చి సూపించేరు." (పెద్దగా నవ్వులు, చప్పట్లు)

నవ్వుతున్నాం గాని, ఆ వానల్లో ఆవిడ జ్వరపడి నెలంతా మంచంలో ఉన్నారు. పుట్టింటికి పంపిస్తానని ఆయనంటే వెళ్లలేదు. ఈ సంగతి ఇవాళ్టి వరకు మీలో చాలామందికి తెలియదు. తెలియాలి.

కౌన్సిలు సమావేశాలు ఆ గదిలోనే జరిగాయి. కిటికీలు తెరిస్తే వాసన, మూస్తే ఉక్క. ముక్కుకి ఉత్తరీయం కట్టుకుని తీర్మానాలు చేశాం. అంతకుముందు ఏ పని తలపెట్టినా వచ్చే సమావేశానికి వాయిదా వేసేవాళ్లం. ఆ గదిలో కూర్చున్నాక మాకు వాయిదా అనే మాటే గిట్టలేదు. కొన్ని సమావేశాలు గడిచాయో లేదో, ఊళ్లో మెరక నేల పుట్టింది. బిస్సమ్ కటక్ రోడ్డు పక్కన, కొండవాలులో, ఇళ్లకీ గెడ్డకీ దూరంగా. అది కన్నయ్యగారిది. దాని సంగతి అంతకుముందు తనకి గుర్తులేదన్నారు. ఏమయినా ఇచ్చారు, అందుకు ఊరి తరఫున ఆయనకి నమస్కారం. నిజంగానే చెబుతున్నాను కన్నయ్యగారూ. ఇవ్వకుండా గట్టిగా కూర్చున్నవాళ్లు మీ పక్క వరసలోనే ఉన్నారు. (నవ్వులు)

నేల దొరికింది గనుక మర్నాడే బండ్లు అటు మళ్లుతాయనుకున్నాం. గణపతిరావుగారు మళ్లించలేదు. కొండవాలులో ఖాళీ గోతులు తవ్వించి, మళ్లీ వానలు వచ్చి వెళ్లేదాకా ఆగుతానన్నారు. కన్నయ్యగారు లబోదిబోమన్నారు. "భూమి ఇచ్చీసేను గదా బాబూ, ఇంకా మా ముక్కుల మీద ఏటి పగ?" అని అడిగారు. "మొదటిసారి ఎండాకాలంలో చూసి నమ్మాం. ఈసారి వానాకాలంలో చూద్దాం" అన్నారు గణపతిరావుగారు. ఆ వానల్లో ఆయన తడుస్తూ వెళ్లి గోతుల్లోకి దిగి, అడుగున మట్టి చేత్తో పిసికి చూసేవారు. ఊట రాలేదు. వానలు వెనకబట్టాక బండ్లు అటు మళ్లాయి. ఇవాళ ఆ ఎరువు కోసం చుట్టుపక్కల రైతులు బండ్లు కట్టుకుని వస్తున్నారు.

ఇప్పుడు అధ్యక్షులవారు ఏమీ అనుకోకూడదు. పెరట్లో చెత్త ఉన్న రోజుల్లో పై నుంచి ఒక అధికారి విచారణకి వచ్చారు. మీరు కాదు, మీరు అప్పటికి ఈ ప్రాంతానికి రాలేదు. ఆయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ప్రభుత్వ కార్యాలయం ఆవరణలో చెత్త వెయ్యడానికి ఎవరి అనుమతి ఉందని అడిగారు. గణపతిరావుగారు ఎంతో వినయంగా జవాబు చెప్పారు. "సఫాయి వీధి ఇళ్ల వెనక వెయ్యడానికి ఎవరి అనుమతి ఉండేదో దయచేసి సెలవివ్వండి. దీనికీ అదే అనుమతి."

ఆ జవాబుకి ఫలితం ఆయన అనుభవించారు. ఆయనకి రావలసిన పై ఉద్యోగం రాలేదు. ఆయన కంటే వెనక చేరినవాళ్లు ముందుకు వెళ్లారు. చోటు తప్పుగా రాసిన ఇంజనీరుగారు హాయిగా పై పదవిలో ఉన్నారు. ఆయన మీద నాకు పగ లేదు, మనుషులన్నాక పొరపడతారు. పొరపాటుని ఒప్పుకుని దిద్దినవాడికి శిక్ష, ఒప్పుకోనివాడికి పదోన్నతి అయితే, రేపు ఏ ఆఫీసరు నీళ్లలోకి దిగుతాడు? ఈ ప్రశ్న మీరు పై వాళ్లకి చేరవెయ్యాలి అయ్యా. నేను కాగితం రాస్తే బల్ల సొరుగులో ఉండిపోతుంది. మీ నోటితో చెబితే వింటారు.

(అధ్యక్షులు తల ఊపారు.)

గణపతిరావుగారూ, మీరు గుణుపురం వైపు మీ అన్నదమ్ముల దగ్గరకి వెళ్లి వ్యవసాయం చేసుకుంటారని విన్నాను. అమ్మన్నమ్మగారికి ఇకనైనా కిటికీ తెరిచి పడుకునే భాగ్యం కలగాలి. మీరు ఈ ఊళ్లో రోడ్లూ దీపాలూ వేశారు, సంతోషం. అంతకంటే నాకు, మాట పోయిన చోట మనిషి నిలబడడం ఎలాగో చూపించారు. నా బడిలో ఏ పిల్ల తప్పు చేసి దాచుకున్నా నేను మీ కథే చెబుతున్నాను. పేరు మార్చి చెబుతున్నాననుకోండి, పిల్లలకి తెలిసిపోతుంది. (నవ్వులు)

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను. ఇది కొత్త ఆఫీసరుగారితో.

అయ్యా, సఫాయి వీధి వెనక కొత్త చెత్త పడడం ఆగిపోయింది గాని, పాత కుప్ప ఇంకా సగం ఉంది. గణపతిరావుగారు దాన్ని బండ్ల మీద కొండవాలుకి తోలిస్తూ వచ్చారు. ఆయన బాధ్యతలు మీకు అప్పగించే సందట్లో ఆ బండ్లు ఆగాయి. ఆగి కొంతకాలమయింది. మబ్బులు పట్టే రోజులు దగ్గరకొచ్చాయి. మీరు ఈ పథకం వెయ్యలేదు, ఆ మాట ఇవ్వలేదు, ఆ గెడ్డ చూడలేదు. అయినా ఆ కుర్చీ మీది. ఆ కుర్చీతో పాటు ఆ సగం కుప్ప కూడా మీకు వచ్చింది. సభ్యురాలిగా నేను వచ్చే సమావేశంలో ఈ మాట ఎత్తవచ్చు, ఆ పై సమావేశంలోనూ ఎత్తవచ్చు. ఎత్తుతూనే ఉంటాను, నా సంగతి వీళ్లని అడగండి. కానీ ఆ ఇళ్లవాళ్లు ఇవాళ ఇక్కడే, మీ ఎదుటే కూర్చుని ఉన్నారు. నాకెందుకు, వాళ్లకే చెప్పండి. బండ్లు మళ్లీ ఎప్పుడు కదులుతాయి?

(కొత్త ఆఫీసరుగారు వేదిక మీద లేచి నిలబడ్డారు. "రేపు ఉదయం పంపిస్తాను. నేను కూడా వస్తాను" అన్నారు. తవిటమ్మ కుర్చీలోంచి లేచి, "ఒట్టి మాట కాదు గదా బాబూ? అలాగయితే మేం పారలు అట్టుకుని నిలబడతాం" అన్నది. చాలాసేపు చప్పట్లు.)

అందరూ విన్నారు. అధ్యక్షులవారు కూడా విన్నారు. రేపు ఉదయం బడికి వెళ్లే ముందు నేనూ అక్కడికి వస్తాను. నా మాటలు ఓపికగా విన్న మీ అందరికీ, నన్ను మధ్యలో ఆపని అధ్యక్షులవారికి, మా ఊరిని విడిచి వెళుతున్న ఈ దంపతులకు నా కృతజ్ఞతలు. పారలు చాలకపోతే బడి తోట పారలు ఇస్తాను, వాటిని ఇప్పుడే బయటపెట్టించాలి. అందుచేత, ఇక సెలవు.